తవుడు అను తవిటమ్మ: అధికారులకు ఒక బహిరంగ లేఖ

రెవెన్యూ, పాఠశాల విద్య, వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, తహసీల్దార్లకు, గ్రామ సచివాలయ ఉద్యోగులకు, ఆధార్ కేంద్రాల ఆపరేటర్లకు, బ్యాంకు మేనేజర్లకు, బడి ప్రధానోపాధ్యాయులకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ కార్యకర్తను. 21 ఏళ్లుగా పిల్లల పేర్లు రిజిస్టర్లలో రాస్తున్నాను. మీ మీద పని భారం ఎంతో నాకు తెలుసు. కోపంతో రాస్తున్న లేఖ కాదిది. కానీ మా అమ్మ పోయి రెండేళ్లు దాటింది. ఆమె పేరున ఉన్న 42 సెంట్ల జీడితోట ఇప్పటికీ నా పేరు మీదికి, మా తమ్ముడి పేరు మీదికి మారలేదు. ఐదు అర్జీలు పెట్టాను. నాలుగు సోమవారాలు గ్రీవెన్సులో, అంటే అధికారులు అర్జీలు వినే చోట, కూర్చున్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు: పేరులో తేడా ఉంది. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఆ తేడా ఎలా వచ్చిందో ముందు చెప్తాను.

మా అమ్మకు ముందు అమ్మమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడో కాన్పులో అమ్మ పుట్టింది. పుట్టిన రోజే కూనను చేటలో పడుకోబెట్టి, పెంటకుప్ప మీద ఉంచి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వచ్చేశారట. పక్కింటి ముసలమ్మ వెళ్ళి ఆ చేట ఎత్తుకుని తన ఇంటికి పట్టుకుపోయింది. పొద్దు వాలాక మా వాళ్ళు చేటెడు తవుడు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి బిడ్డను కొని తెచ్చుకున్నారు. పారేసిన బిడ్డ, తవుడు పాటి విలువ చేసే బిడ్డ, పైగా పరాయివాళ్ళ బిడ్డ. అలాంటి దాని జోలికి చావు రాదని నమ్మకం. అమ్మ బతికింది. పేరు తవుడు అయింది. ఆ పక్కింటి ముసలమ్మ తాను పోయేదాకా అమ్మను "నా తవుడు" అనే పిలిచేదట.

మా జిల్లాలోనూ విజయనగరం వైపూ ఎందరో తవిటయ్యలు, తవిటమ్మలు, తవిటినాయుళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో అడిగితే చాలామటుకు ఇలాంటి కథే చెప్తారు. తెలంగాణలో పెంటయ్యలు, పెంటమ్మలు, ఇంకొన్ని చోట్ల ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పేరు పెట్టిన పుల్లయ్యలు కూడా ఇలా బతికి బట్టకట్టినవాళ్ళే. ఆ పేరు వినగానే నవ్వొచ్చేవాళ్ళకు, దాని వెనకాల ఒక తల్లి ఎంత భయపడి ఉంటుందో తెలియదు.

అమ్మ మూడో తరగతి దాకా బడికి వెళ్ళింది. అక్కడ పంతులుగారు తవుడును కాస్త పెద్ద చేసి తవిటమ్మ అని రాసుకున్నారు. 1974లో పెళ్ళయింది. మా తాత పసుపు కుంకుమ కింద 42 సెంట్లు రాసిచ్చాడు. ఆ దస్తావేజు రాసిన లేఖరి ఎవరో నాకు తెలియదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆయన "తవుడు అను తవిటమ్మ" అని రాశాడు. "అను". రెండక్షరాలు. ఊరు పిలిచే పేరు, కాగితం మీది పేరు ఒకే మనిషివని ఆ రెండక్షరాలు సాక్ష్యం చెప్పాయి. తెలంగాణ పాత పహాణీల్లో ఇదే పని "ఉర్ఫ్" అన్న మాట చేసేది. కోర్టు కాగితాల్లో "అలియాస్" చేస్తుంది. మనుషులకు రెండు పేర్లుంటాయని పాత లేఖరులకు తెలుసు.

అత్తవారింట్లో ఇంకో చిక్కు వచ్చింది. మా నాయనమ్మ పేరు కూడా తవిటమ్మే. అత్తగారి పేరు పెట్టి కోడల్ని ఎవరు కేకేస్తారు? మా నాన్న తన తల్లి పేరుతో పెళ్ళాన్ని ఎలా పిలుస్తాడు? అందుకని కాపురానికి వచ్చిన వారంలోపే ఆమె చిన్నమ్మడు అయింది. ఓటరు జాబితాలో చిన్నమ్మడు. రేషన్ కార్డులో చిన్నమ్మడు. డ్వాక్రా సంఘంలో చేరినప్పుడు బ్యాంకు పుస్తకంలోనూ చిన్నమ్మడే.

2012లో మా ఊళ్ళో ఆధార్ తీశారు. అమ్మ తన బడి పేరే చెప్పింది. ఆపరేటరు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. అది తెలుగులోకి మారేసరికి "టావిటమ్మ" అయింది. స్క్రీన్ మీద ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు. పాత భూమి రికార్డులు కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు "అను తవిటమ్మ" ఎక్కడో రాలిపోయి ఉత్త "తవుడు" మిగిలింది.

2023 ఆగస్టులో అమ్మ పోయింది. మరణ ధ్రువీకరణ పత్రం ఆధార్ ప్రకారం వచ్చింది. అప్పుడు తెలిసింది మాకు. భూమి తవుడుది. పోయింది టావిటమ్మ. బ్యాంకులో ఉన్న 38 వేలు చిన్నమ్మడువి. "తవుడు చనిపోయినట్టు రుజువు పట్టుకురండి" అన్నారు ఒక ఆఫీసులో. "చిన్నమ్మడు వారసులని కాగితం తెండి" అన్నారు ఇంకోచోట. చితికి నిప్పు పెట్టిన మా తమ్ముడు ఆ మాట విని బయటికొచ్చి అరుగు మీద కూర్చుండిపోయాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తోటలో జీడిచెట్లు సగం పైగా కూలిపోయాయి. ఇంటి పైకప్పు లేచిపోయి కాగితాల పెట్టె తడిసింది. దస్తావేజు మీద సిరా అలుక్కుపోయింది. అమ్మ పోయాక రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నకలు తీయించాను. నకల్లో "అను" స్పష్టంగా ఉంది. అయినా పని కాలేదు. కంప్యూటరులో పేరుకు ఒక గడే ఉందట, రెండో పేరు రాయడానికి చోటు లేదట.

చివరికి ఒక రోజు అమ్మ పెళ్ళినాటి ఇత్తడి బిందెను గోనెసంచిలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాను. దాని మెడ కింద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి: "చి.సౌ. తవుడు, 1974". "తవుడు"లో కొమ్ము దగ్గర ఒక చుక్క ఎక్కువ పడి చిన్న సొట్ట ఉంటుంది. చిన్నప్పుడు నీళ్ళు మోసేటప్పుడు నా బొటనవేలు ఎప్పుడూ ఆ సొట్ట మీదే ఉండేది. అక్కడున్న అధికారి మంచి మనిషి. బిందె చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, ఆ పేరు చదివారు. "నాకు అర్థమైందమ్మా. సిస్టమ్ తీసుకోదు" అన్నారు. బిందె మళ్ళీ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. అమ్మ చివరి రోజుల్లో కిడ్నీలు పాడై ఆసుపత్రిలో ఉంది. ఉద్దానంలో ఈ జబ్బు తగలని వీధి లేదు, మీకు తెలిసిందే. స్పృహ సరిగా లేదు. నర్సమ్మ చార్టు చూసి "తవిటమ్మా, తవిటమ్మా, కళ్ళు తెరువు" అని ఎన్నిసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలిచి యాభై ఏళ్లు దాటింది. విశాఖ నుంచి మా పిన్ని వచ్చి మంచం దగ్గర వంగి "తవుడప్పా" అంది. మా వైపు అక్కను అప్ప అంటాం. అమ్మ కళ్ళు తెరిచింది. పిన్ని వైపే చూసింది. ఆ పొద్దు రెండు చెంచాల గంజి కూడా తాగింది.

అందుకే చెప్తున్నాను. ముద్దుపేరు అంటే చిన్నప్పటి సరదా అని కొట్టిపారేయకండి. అత్తగారి పేరు, మామగారి పేరు కోడలు నోట పలకకూడదు. ఆ పేరే బిడ్డకు పెడితే తల్లి తన బిడ్డను ఏమని పిలవాలి? అందుకే బాబు, పండు, అమ్మడు, బుజ్జి. దేవుడి పేరు పెడితే ఆ పేరుతో తిట్టకూడదు. అందుకే సింహాచలం అని పేరు పెట్టి చిన్నోడు అని పిలుస్తారు. గోదావరి జిల్లాల్లో అబ్బులు, బుల్లెబ్బాయి, అమ్మాజీ, బేబి ఎలా వచ్చారో, సీమలో బుడ్డప్ప ఎలా వచ్చాడో అక్కడి ముసలివాళ్ళను అడగండి. ఒక్కో పేరుకు ఒక్కో కారణం చెప్తారు. నన్ను ఇంట్లో చిట్టి అనేవారు. ఆ పేరుతో పిలిచే మనిషి ఇప్పుడు పిన్ని ఒక్కతే మిగిలింది. ఆమె ఫోను వస్తే పేరు విననిదే నాకు మాట రాదు.

ఇక ఈ రెండు పేర్ల వల్ల మా ఊళ్ళో, మా చుట్టుపక్కల ఊళ్ళలో మామూలు జనం ఏమేం పోగొట్టుకుంటున్నారో నా కళ్ళతో చూసినంత వరకు రాస్తున్నాను.

1. కూలి డబ్బులు ఆగిపోతున్నాయి. ఉపాధి హామీ పనికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ద్వారానే కూలి వేయాలన్నారు. మా వీధిలో ఒకావిడకు జాబ్ కార్డులో పేరు బేబి. ఆధార్‌లో ఇంకో పేరు. అరవై ఏళ్లు దాటిన మనిషి. మండుటెండలో చెరువు మట్టి మోసి కూలి కోసం నెలల తరబడి తిరిగింది. "బేబి అంటే మీరేనని నమ్మకం ఏమిటి" అని అడిగారట. ఆమె ఏం చెప్తుంది? వేలిముద్ర ఆమెదే, ముఖం ఆమెదే, మట్టి మోసిన తట్ట ఆమెదే.

2. జబ్బు పడ్డవాళ్ళకు పింఛను అందడం లేదు. మన రాష్ట్రంలో డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. మా దగ్గర అది ఒక ఇంటి బియ్యం, మందులు, ఆసుపత్రికి వెళ్ళే ఆటో కిరాయి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు పక్కనున్నవాళ్ళు కంగారులో నోటికొచ్చిన పేరు, అంటే రోజూ పిలిచే పేరు చెప్తారు. రిపోర్టులన్నీ ఆ పేరు మీదే వస్తాయి. తర్వాత ఆధార్‌తో సరిపోవడం లేదని దరఖాస్తు వెనక్కి వస్తుంది. వారానికి రెండు మూడుసార్లు మిషను మీద పడుకునే మనిషి, మధ్యలో ఆఫీసుల చుట్టూ ఎలా తిరగాలి?

3. వలస పోయినవాళ్ళు చచ్చిపోతే ఎవరో తేలడం లేదు. మా వైపు మగవాళ్ళు చెన్నై, హైదరాబాద్ పనులకు పోతారు. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు గుజరాత్‌లో వేరావల్ దాకా వేటకు పోతారు. పనిచేసే చోట అందరూ ముద్దుపేర్లతోనే ఉంటారు. మా పక్కూరి కుర్రాడు చెన్నైలో ఒక బిల్డింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. తోటి కూలీలకు అతను "బుజ్జి" అని తప్ప ఇంకేమీ తెలియదు. మేస్త్రీ పుస్తకంలోనూ బుజ్జే. రెండు రోజులు శవాన్ని మార్చురీలో ఉంచారు. మూడో రోజు ఊళ్ళో వాళ్ళ అమ్మకు కబురు తెలిసింది. ఇప్పుడు పరిహారం కోసం వెళ్తే, పుస్తకంలో ఉన్న బుజ్జి మీ ఆయనేనని నిరూపించు అంటున్నారు అతని భార్యను. ఆమె ఒళ్ళో ఉన్న పిల్ల మా సెంటరుకే వస్తుంది.

4. బడి పిల్లలకు చిక్కులు. ఇందులో మా తప్పు కూడా ఉంది, దాచను. బిడ్డ పుట్టగానే మేం మా సెంటరు రికార్డులో ఎక్కించాలి. అప్పటికి చాలా ఇళ్ళల్లో పేరు పెట్టి ఉండరు. తల్లి "బుజ్జి అని రాసెయ్ మేడమ్, తర్వాత మారుద్దాం" అంటుంది. రాసేస్తాం. మారుద్దామనుకున్నది మర్చిపోతాం. ఆ బుజ్జే తర్వాత ఇంకో కాగితంలోకి, అక్కడి నుంచి మరో కాగితంలోకి పాకుతుంది. నేను రాసిన ఒక బుజ్జి ఇప్పుడు రెండో తరగతి. జనన ధ్రువీకరణ పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో బుజ్జి. బడి పిల్లలకు ఇచ్చే 12 అంకెల అపార్ గుర్తింపు నంబరు రావాలంటే బడి రిజిస్టరులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటిగా ఉండాలి. ఆ పిల్ల తల్లి ఒక రోజు కూలి మానుకుని ఆధార్ కేంద్రానికి వెళ్ళింది, సర్వర్ లేదన్నారు. ఇంకో రోజు వెళ్ళింది, కాగితం చాలదన్నారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చని అక్కడే ఆమెకు తెలిసింది. నేను తొందరలో రాసిన రెండక్షరాలకు ఆమెకు రెండు రోజుల కూలి పోయింది.

5. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ రాయాలి. అన్ని పిలుపుపేర్లూ ముద్దుపేర్లు కావు. పాత రికార్డులు తీసి చూడండి. ఒక వీధివాళ్ళ పేర్ల చివర నాయుడు, రావు ఉంటాయి. ఇంకో వీధివాళ్ళ పేర్ల చివర "గాడు" ఉంటుంది. లక్ష్మి అని పేరు పెట్టుకుంటే రికార్డులో "లచ్చి" అని ఉంటుంది. అవి వాళ్ళ అమ్మలు పిలిచిన పేర్లు కావు. ఎదుట నిలబడ్డ మనిషిని తక్కువ చేసి ఎవరో పిలిస్తే, అదే పేరనుకుని ఇంకెవరో రాసిన పేర్లు. వాళ్ళ మనవలు ఇవాళ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. తాత పేరు ఉన్న అడంగల్ (భూమి రికార్డు) నకలు బయటికి తీయాలంటే వాళ్ళకు మనసు చివుక్కుమంటుంది. బడిలో కూడా ఇలాంటిదే. కంటికి మెల్ల ఉన్న పిల్లాడిని, నడకలో తేడా ఉన్న పిల్లను దాన్నే పేరుగా చేసి పిలిచే అలవాటు ఊళ్ళో ఉంది. అదే పిలుపు పంతులుగారి నోట వచ్చిన రోజు ఆ పిల్లాడు బడి మానేశాడు. వాళ్ళ అమ్మతో కలిసి మూడు రోజులు బతిమాలితే గానీ మళ్ళీ వెళ్ళలేదు.

6. వారసులకు ఆస్తి రావడం లేదు. దీని గురించి పైన చెప్పాను. మా ఊరి సచివాలయంలో కూర్చుని అడిగితే, ఇదే కారణంతో ఆగిన మ్యుటేషన్లు, అంటే భూమి పేరు మార్పిడులు, మా ఒక్క ఊళ్ళోనే ఐదు లెక్క తేలాయి. వాటిలో నాలుగు ఆడవాళ్ళ పేరున ఉన్న భూములే. పుట్టింట్లో ఒక పిలుపు, మెట్టినింట్లో ఒక పిలుపు అలవాటైన ఆడవాళ్ళకే ఈ దెబ్బ ఎక్కువ. పసుపు కుంకుమ కింద వచ్చిన ఆ కాస్త నేల కూడా వాళ్ళ పిల్లలకు చేరడం లేదు.

ఇవన్నీ చూశాక మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి రికార్డులో పేరు గడి పక్కన "పిలుపు పేరు" అని ఇంకో గడి పెట్టండి. భూమి రికార్డు, రేషన్ కార్డు, జాబ్ కార్డు, బడి ప్రవేశ రిజిస్టరు, ఆసుపత్రి కేస్ షీటు, అన్నింటిలోనూ. 1974లో ఒక లేఖరి కలంతో చేసిన పని ఇవాళ కంప్యూటరుతో చేయలేమంటే ఎలా? పాత దస్తావేజుల్లో "అను", "ఉర్ఫ్", "అలియాస్" అని ఉన్న చోటల్లా ఆ రెండో పేరును తిరిగి రికార్డులోకి ఎక్కించండి.

2. ఇద్దరు కాదు ఒకరేనని తేల్చడానికి ఒక్క విచారణ చాలు. గ్రామ రెవెన్యూ అధికారి ఊళ్ళోకి వచ్చి, ఇరుగుపొరుగును, పెద్దలను అడిగి, పంచనామా రాసి, 30 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ఒక్క పత్రాన్ని తహసీల్దారు, బ్యాంకు, పింఛను ఆఫీసు, బడి అందరూ ఒప్పుకోవాలి. ఇప్పుడు "వన్ అండ్ సేమ్" అఫిడవిట్ ఒక్కో ఆఫీసుకు ఒక్కోటి చేయించుకోవాల్సి వస్తోంది. స్టాంపు పేపరు, నోటరీ, టైపు, జెరాక్సు, బస్సు చార్జీ. నా దగ్గర ఇప్పటికి ఏడు అఫిడవిట్లు ఉన్నాయి. ఏడింటిలోనూ రాసింది ఒకటే మాట.

3. చనిపోయినవారి విషయంలో వేరే దారి చూపండి. పోయిన మనిషి ఆధార్‌లో పేరు ఎవరు మార్చగలరు? "ముందు ఆధార్ సరిచేసుకురండి" అని మా తమ్ముడితో అన్నారు. ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి.

4. జనన ధ్రువీకరణ పత్రంలో పేరు చేర్చడానికి మా సెంటర్లకే రండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాదిలోపు బిడ్డ పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు. రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్చుకోవచ్చు. ఈ సంగతి మా తల్లుల్లో చాలామందికి తెలియదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఓటు హక్కుకైనా, లైసెన్సుకైనా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. అందులో పేరు గడి ఖాళీగా ఉన్న పిల్లలు ఎంతమందో నెలకోసారి మేం లెక్క ఇస్తాం. మీరు నెలకో రోజు వచ్చి పూర్తి చేయండి. బాలింతలను బిడ్డతో సహా ఎండలో తిప్పకండి.

5. ఆధార్ కేంద్రాల్లో, సచివాలయాల్లో పేరు కొట్టాక సేవ్ నొక్కే ముందు తెలుగులో ఏం వచ్చిందో గట్టిగా చదివి వినిపించండి. చదువు రాని మనిషికి స్క్రీన్ చూపించి "ఓకేనా" అంటే ఓకే అనే అంటుంది. త, ట ఇంగ్లీషులో చాలాసార్లు ఒకే అక్షరంతో రాస్తారు కాబట్టి మా జిల్లా తవిటమ్మలందరూ టావిటమ్మలయ్యే ప్రమాదం ఉంది. దీనికి డబ్బు ఖర్చు లేదు. అర నిమిషం చాలు.

6. అవమానంగా రాసిన పేర్లను మార్చుకోవాలనుకున్నవారికి గెజిట్ ఖర్చులు, తిరుగుళ్ళు లేకుండా మార్చి ఇవ్వండి. ఆ తప్పు వాళ్ళది కాదు, రాసినవాళ్ళది. అలాగని పేరు మోటుగా ఉందని మీకు మీరే మార్చకండి. మా పక్క మండలంలో ఒక పిల్లాడికి తవిటినాయుడు అని వాళ్ళ తాత పేరు పెట్టుకుంటే, బడిలో చేర్చేటప్పుడు "ఈ రోజుల్లో ఈ పేరేంటి" అని ఇంకేదో రాసి పంపారు. ఏ పేరు ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ఆ ఇంటివాళ్ళు చెప్పాలి.

7. ఉపాధ్యాయులకు నా మనవి వేరేగా. పిల్ల ఇంట్లో పిలుపు ఏమిటో తెలుసుకోండి. మొదటి వారం ఆ పేరుతో పిలిస్తే ఏడుపు సగం తగ్గుతుంది, ఇది నేను ఏటా చూస్తున్నాను. కానీ ఒంటి లోపాన్ని, రంగును, కులాన్ని ఎత్తిచూపే పిలుపును తరగతిలో వినబడనివ్వకండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పంపే ముందు ప్రతి పిల్లా పేరు తల్లిదండ్రులకు చదివి వినిపించి సంతకం తీసుకోండి. మెమో చేతికొచ్చాక సరిచేయడం ఎంత నరకమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

8. ఆసుపత్రుల్లో స్పృహ లేని మనిషిని చేర్చుకునేటప్పుడు "ఇంట్లో ఏమని పిలుస్తారు" అని అడిగి మంచం దగ్గర కాగితం మీద రాసిపెట్టండి.

ఈ లేఖతో పాటు ఐదు అర్జీల రసీదులు, దస్తావేజు నకలు, మరణ ధ్రువీకరణ పత్రం, ఓటరు జాబితా పేజీ, ఏడు అఫిడవిట్ల నకళ్ళు, బిందె మీద పేరు ఫోటో పంపుతున్నాను. బిందెనే చూడాలంటే మళ్ళీ మోసుకొస్తాను. వచ్చే సోమవారం గ్రీవెన్సుకు నేను, మా తమ్ముడు, ఇదే చిక్కులో ఉన్న మరో నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి వస్తున్నాం. మా అర్జీలను విడివిడిగా ఐదు బల్లలకు పంపకుండా ఒకే చోట విని, విచారణకు ఊళ్ళోకి ఏ తేదీన వస్తారో కాగితం మీద రాసివ్వండి. తోటలో జీడిచెట్లు మళ్ళీ నాటి ఏడేళ్లవుతోంది, ఈ ఏడు పూత బాగా వచ్చింది.

ఇట్లు,
తవుడు అను తవిటమ్మ అను చిన్నమ్మడు కూతురు,
అంగన్‌వాడీ కార్యకర్త,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.